నాన్నకు రాని ఫిట్స్ పాపకు ఎందుకొచ్చాయి? పీసీడీహెచ్19 జన్యువుపై ఒక తల్లి ప్రశ్నలు

ప్రశ్న: మా పాపకు 14 నెలలు, బరువు 9 కిలోలు. తొమ్మిదో నెలలో మీజిల్స్-రుబెల్లా టీకా వేయించిన ఎనిమిదో రోజున జ్వరం వచ్చింది. రెండు రోజుల్లో పది పన్నెండు సార్లు ఫిట్స్ వచ్చాయి. ఒక్కొక్కటి రెండు నిమిషాల లోపే. తర్వాత జలుబు చేసినప్పుడల్లా ఇదే వరస. ఎంఆర్ఐ, ఈఈజీ బాగానే ఉన్నాయన్నారు. జీన్ టెస్టులో పీసీడీహెచ్19లో మార్పు ఉందని, రోగకారకమని వచ్చింది. మా ఇద్దరికీ పరీక్ష చేస్తే ఆ మార్పు మా ఆయనలో ఉంది, నాలో లేదు. ఆయనకు జీవితంలో ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. మరి రిపోర్టు తప్పా? మాది మేనరికం, దానివల్లే అని అత్తగారు అంటున్నారు. టీకా వల్ల వచ్చిందా? రెండో బిడ్డను కనొచ్చా? ఇంట్లో ఫిట్స్ వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి.
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, రిపోర్టు తప్పని అనుకోనక్కర్లేదు. తండ్రి ఆరోగ్యంగా ఉండి కూతురికి ఫిట్స్ రావడమే ఈ జబ్బు అసలు లక్షణం. మీరు రాసిన వివరాలన్నీ, అంటే ఏడాదిలోపు మొదలవడం, జ్వరంతో రావడం, ఒకదాని వెనక ఒకటి గుంపుగా రావడం, ఒక్కొక్కటి పొట్టిగా ఉండటం, ఎంఆర్ఐ మామూలుగా ఉండటం, పీసీడీహెచ్19 జబ్బుకు అచ్చంగా సరిపోతున్నాయి.

ఎక్స్ క్రోమోజోమ్ మీద జన్యువు చెడితే మనకు తెలిసిన కథ వేరు. రక్తం త్వరగా గడ్డకట్టని హీమోఫీలియా చూడండి. తల్లి వాహకురాలు, ఆమెకు పెద్దగా ఏమీ ఉండదు, జబ్బు కొడుక్కి వస్తుంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి అది చెడితే ఆదుకునే రెండోది లేదు. పీసీడీహెచ్19 కూడా ఎక్స్ మీదే, దాని పొడవు భుజంలో ఉంది. కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఉన్న ఒక్క ప్రతీ చెడిన మగవాడు మామూలుగా ఉంటాడు, ఒకటి మంచిది ఒకటి చెడ్డది ఉన్న ఆడపిల్ల జబ్బు పడుతుంది. ఆడవాళ్ళకే వస్తున్న ఇలాంటి మూర్ఛను ఒక కుటుంబంలో 1971లోనే జూబర్గ్, హెల్మన్ అనే వైద్యులు నమోదు చేశారు. కారణమైన జన్యువు 2008లో గానీ దొరకలేదు. పెద్ద డాక్టర్లకు కూడా ఈ తిరగబడిన లెక్క వెంటనే గుర్తు రాకపోవచ్చు. తండ్రిలో మార్పు ఉండీ ఆయన బాగున్నాడు గనుక ఇది హానిలేని మార్పే అని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. మీ దగ్గర ఎవరైనా అలా అంటే, ఈ జన్యువుకు ఆ వాదన చెల్లదని చెప్పండి.

ఎందుకు చెల్లదో తెలియాలంటే ఈ జన్యువు చేసే పని తెలియాలి. దీని నుంచి తయారయ్యే ప్రొటీన్ పేరు ప్రోటోకాడ్హెరిన్ 19. ఇది 1148 అమైనో ఆమ్లాల గొలుసు. నాడీకణం పైపొరలో నాటుకుని ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చిన భాగంలో ఒకే తీరు ముక్కలు ఆరు ఉంటాయి, వాటి మధ్య కాల్షియం కూర్చుని గొలుసును బిగువుగా నిలబెడుతుంది. పక్క కణం మీద కూడా ఇదే ప్రొటీన్ ఉంటే, రెండూ ఎదురెదురుగా వచ్చి, ఇద్దరు మనుషులు ఒకరి ముంజేతిని మరొకరు పట్టుకున్నట్టు, మొదటి నాలుగు ముక్కల మేర పెనవేసుకుంటాయి. అంటే ఇది గుర్తింపు ప్రొటీన్. మెదడు పెరిగేటప్పుడు ఏ కణం ఎవరి పక్కన చేరాలి, ఎవరితో సంధి (కణం నుంచి కణానికి సంకేతం దాటే కూడలి) కట్టాలి అన్నది తేల్చే అనేక ప్రొటీన్లలో ఇదొకటి. రోగకారక మార్పుల్లో ఎక్కువ భాగం ఆ బయటి ముక్కల్లోనే ఉంటాయి. ఒక్క అమైనో ఆమ్లం మారినా కాల్షియం కుదురుకోదు, లేదా పట్టు చిక్కదు.

ఇప్పుడు ఆడపిల్ల మెదడు సంగతి చూద్దాం. ఆడవాళ్ళ ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లు ఉన్నా, పిండం తొలి దశలోనే ఏదో ఒకటి మూతపడుతుంది. ఏది మూతపడుతుందన్నది కణానికి కణానికీ మారుతుంది, తర్వాత ఆ కణం సంతతి అంతా అదే ఎంపికను కొనసాగిస్తుంది. మీ పాపలో ఒక ఎక్స్ మీది, బాగున్నది. రెండోది నాన్నది, మార్పు ఉన్నది. కాబట్టి పాప మెదడులో కొన్ని కణాలు మంచి ప్రోటోకాడ్హెరిన్ 19ను పైన పెట్టుకున్నాయి, కొన్నింటికి అది లేదు. రెండు జాతుల కణాలు కలిసి పెరగాల్సిన చోట ఒకదాన్నొకటి గుర్తుపట్టడంలో తేడా వస్తుంది. ఎలుకల్లో చేసిన పని 2018లో వెలువడింది. జన్యువు ఒక ప్రతిలోనే పోయిన ఆడ ఎలుకల మెదడు పొరలో, ప్రొటీన్ ఉన్న కణాలు ఒక పట్టీగా, లేని కణాలు ఇంకో పట్టీగా విడిపోయి కనిపించాయి. అన్ని కణాల్లోనూ జన్యువును పూర్తిగా తీసేస్తే ఆ విడిపోవడం లేదు. 2021లో మరో ఎలుకల పరిశోధన సంధుల దగ్గర ఏం జరుగుతుందో చూపింది. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో, సంధికి ఒక వైపు ఈ ప్రొటీన్ ఉండి మరో వైపు లేకపోతే, ఎన్-కాడ్హెరిన్ అనే ఇంకో అంటుకునే ప్రొటీన్ పని కూడా దెబ్బతింటోంది. రెండు వైపులా లేకపోతే ఎన్-కాడ్హెరిన్ తన పని తాను చేసుకుపోతోంది.

మీ ఆయన ఇదిగో ఈ చివరి రకం. ఆయనకున్నది ఒకే ఎక్స్ కాబట్టి కణాలన్నీ ఒకే రకం, ఏ కణంలోనూ ఆ ప్రొటీన్ సరిగా లేదు, అందుకే మెదడులో తగువు లేదు. ప్రొటీన్ లేకపోవడం కంటే, ఉన్నవీ లేనివీ కలిసి ఉండటమే ఇక్కడ జబ్బు. దీనికి గట్టి సాక్ష్యం కొద్దిమంది మగపిల్లల్లోనే దొరికింది. పిండంగా ఉన్నప్పుడు మధ్యలో మార్పు పుట్టి, శరీరంలో కొన్ని కణాల్లోనే అది ఉన్న మగపిల్లలను మొజాయిక్ అంటారు. వాళ్ళకు ఆడపిల్లల్లాగే ఫిట్స్ వస్తాయి.

ఇంటర్నెట్‌లో వెతికితే మీకు పీసీడీహెచ్11 గురించి చాలా కనిపిస్తుంది, కంగారు పడకండి. అది ఇంకో జన్యువు. ఎక్స్ మీద ఒక ప్రతి, వై మీద దాని జంట ఉంటాయి. మనిషి పూర్వీకులు చింపాంజీల దారి నుంచి విడిపోయాక ఎక్స్ నుంచి వైకి నకలైంది. భాషతో, కుడి ఎడమ మెదడు తేడాలతో దానికి సంబంధం ఉందా అన్న చర్చ ఎప్పటి నుంచో ఉంది. మగవాళ్ళను పీసీడీహెచ్19 జబ్బు నుంచి ఆ వై ప్రతే కాపాడుతోందేమోనని మొదట్లో అనుకున్నారు. మొజాయిక్ మగపిల్లలకు కూడా వై ఉంది కదా, అయినా జబ్బు వచ్చింది, అందుకే ఆ ఊహ వెనకబడింది. పీసీడీహెచ్15 అయితే మరీ వేరు, అది చెవుడు, రేచీకటి తెచ్చే అషర్ సిండ్రోమ్‌కు చెందింది. మీ రిపోర్టులో 19 అంకె ఉందో లేదో చూసుకుని, దాని గురించే చదవండి.

మేనరికం మాట తీసుకుంటే, దగ్గరి చుట్టరికం పెళ్ళిళ్ళతో పెరిగేవి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతి రెండూ కలిస్తే వచ్చే జబ్బులు. ఇది అలాంటిది కాదు. మీలో మార్పే లేదు. బయటి సంబంధం చేసుకున్నా మీ ఆయన కూతురికి ఈ మార్పు వచ్చేదే. అలాగని ఆయనది తప్పని కాదు. తనలో ఏముందో తెలిసే దారి ఆయనకు లేదు. అత్తగారికి ఈ ముక్క మీరిద్దరూ కలిసి చెప్పండి, మీ ఒక్కరి మీద వేసుకోవద్దు.

రిపోర్టు మరోసారి తీసి మీ ఆయన పేజీ చూడండి. మార్పు హెమిజైగస్ అని రాసి ఉంటే ఆయన కణాలన్నింటిలో ఉందన్నమాట. ఒకవేళ చదివిన ప్రతుల్లో కొంత శాతంలోనే మార్పు కనిపించిందని, మొజాయిక్ అని ఉంటే రెండో బిడ్డ లెక్క మారిపోతుంది. ఈ ఒక్క పదం కోసమైనా మెడికల్ జెనెటిక్స్ డాక్టరును కలవాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ జన్యు పరీక్షలు చేస్తుంది.

ఇక ఇంట్లో చేయాల్సింది. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే మందు వేయాలన్నది అందరికీ చెప్పే నియమం. మీ పాపకు అది ఒక్కటే సరిపోదు. రెండు నిమిషాల్లో ఆగిపోయే ఫిట్స్ రోజుకు పదిసార్లు వస్తే, ఏ ఒక్కటీ ఐదు నిమిషాలు దాటదు, మీరేమో మందు చేతిలో పట్టుకుని ఎదురు చూస్తూ ఉంటారు. అందుకే పిల్లల న్యూరాలజిస్టుతో గుంపు ఫిట్స్ కోసం వేరే ప్లాను రాయించుకోండి. ఎన్ని గంటల్లో ఎన్నోసారి వస్తే స్ప్రే, ఎన్నోసారికి ఆసుపత్రి, ఆసుపత్రిలో ముందుగా ఏ ఇంజెక్షన్, ఇవన్నీ ఒక కాగితం మీద, సంతకంతో. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఈ జన్యువు పేరు తెలియకపోవచ్చు. ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే డోసు సాధారణంగా కిలోకు 0.2 మిల్లీగ్రాములు. 9 కిలోలకు 1.8 మి.గ్రా. ఒక్క నొక్కుకు 0.5 మి.గ్రా. వచ్చే సీసా అయితే నాలుగు నొక్కులు, ఒక్కో ముక్కు రంధ్రంలో రెండేసి. ఈ లెక్కను మీ డాక్టరు ఖరారు చేయాలి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఏమిటంటే, ఒక్క నొక్కుకు 1.25 మి.గ్రా. వచ్చే సీసా కూడా మార్కెట్లో ఉంది. షాపువాడు అదిస్తే మీరు అలవాటుగా నాలుగు నొక్కితే 5 మి.గ్రా. వెళ్ళిపోతుంది, పాప ఊపిరి మందగించవచ్చు. సీసా మారిన ప్రతిసారీ ఆ అంకె చదవండి, ఎన్ని నొక్కులో సీసా మీద మార్కర్‌తో రాసుకోండి. కొత్త సీసాను ముందే గాలిలో నొక్కి, తుంపర సరిగా పడేదాకా సిద్ధం చేసి ఉంచండి. లేకపోతే మొదటి నొక్కులు ఖాళీగా పోతాయి. జలుబుతో ముక్కు కారుతుంటే తుడిచాకే కొట్టండి, చీమిడి ఉంటే మందు లోపలికి పట్టదు. పాప బరువు కిలో పెరిగినప్పుడల్లా డోసు సరిచూపించుకోండి.

ఫిట్స్ వస్తుండగా పాపను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గానీ వేలు గానీ నీళ్ళు గానీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్స్ ఆగవు. అది తనంతట ఆగే సమయానికి మనం చేసిన పని వల్ల ఆగిందనిపిస్తుంది, అంతే. మందు వేసిన ఐదు నిమిషాలకూ ఆగకపోయినా, పెదవులు నీలమైనా, రెండు ఫిట్స్ మధ్య పాప తెలివిలోకి రాకపోయినా 108కి ఫోన్ చేయండి. వీలైతే ఇంకొకరు వీడియో తీయాలి. ఈ జబ్బులో కొన్ని ఫిట్స్ భయంతో పెద్దగా కేక పెట్టడంతో మొదలవుతాయి. నిద్రలో ఉలిక్కిపడిందని, దిష్టి అని, గాలి సోకిందని వాటిని వదిలేస్తుంటారు. వీడియో చూస్తే డాక్టరు తేల్చగలరు.

జ్వరం వచ్చిన గంటలోనే పారాసిటమాల్ వేయండి. ఇది ఫిట్స్‌ను ఆపుతుందని హామీ లేదు గానీ, పాపకు నలత తగ్గుతుంది, కాస్త తాగగలుగుతుంది. కిలోకు 15 మి.గ్రా. చొప్పున 135 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుకు మించకుండా. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే సుమారు 5.5 మి.లీ. అవుతుంది. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ కూడా అదే షాపులో అదే పేరుతో దొరుకుతుంది. అందులోంచి 5.5 మి.లీ. పోస్తే డోసు రెట్టింపు. దానికి 2.7 మి.లీ. చాలు.

రోజువారీ మందుల్లో ఈ జబ్బుకు ఎక్కువగా పనికొచ్చినవి క్లోబజామ్, బ్రోమైడ్. 2016లో వెలువడిన ఒక పరిశీలనలో మూడు నెలల తర్వాత దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లల్లో ఇవి ఫలితమిచ్చాయి. బ్రోమైడ్‌ను జర్మనీ, జపాన్ లాంటి చోట్ల వాడతారు, మనకు మామూలు మందుల షాపులో దొరికే సరుకు కాదు. క్లోబజామ్ మన దగ్గర సులువుగా దొరుకుతుంది. మత్తు, చొంగ కారడం, మలబద్ధకం రావచ్చు. అయిపోయిందని రెండు రోజులు మానేశారంటే ఫిట్స్ విరుచుకుపడతాయి, కాబట్టి స్టాకు పది రోజులకు తగ్గకుండా చూసుకోండి. లెవెటిరాసిటామ్‌నూ చాలామందికి రాస్తారు. అది మొదలెట్టాక చిరాకు, కొట్టడం, కొరకడం పెరిగితే డాక్టరుకు చెప్పండి. ఈ జన్యువు కూడా అదే తరహా ప్రవర్తన తెస్తుంది కాబట్టి, మందు మొదలైన తేదీని డైరీలో రాసి ఉంటేనే కారణం ఏదో తెలుస్తుంది. కార్బమజెపిన్ ఈ పిల్లల్లో అంతగా పనిచేయదు. గుంపు ఫిట్స్ ఎంతకీ ఆగనప్పుడు ఆసుపత్రిలో కొద్ది రోజులు స్టెరాయిడ్ ఇచ్చి చూడటం కూడా ఉంది. మేలు కనిపించినా అది తరచు తాత్కాలికమే. చాలామంది పిల్లల్లో యుక్తవయసు నాటికి ఫిట్స్ తగ్గుముఖం పడతాయి.

ఫిట్స్ తగ్గితే సగం పనే అయినట్టు. ఈ పిల్లల్లో మూడింట రెండొంతుల మందికో ఇంకా ఎక్కువమందికో బుద్ధి వికాసంలో ఎంతో కొంత వెనుకబాటు ఉంటుంది. ఆటిజం లక్షణాలూ తరచు కనిపిస్తాయి. అలాగని అందరికీ కాదు, పూర్తి తెలివితేటలతో చదువుకునే అమ్మాయిలూ ఉన్నారు. ముందుగా చెప్పే పరీక్ష లేదు. అందుకే లోపం కనిపించేదాకా ఆగకుండా ఇప్పుడే వికాస పరీక్ష చేయించండి. పిలిస్తే చూస్తోందా, వేలితో చూపిస్తోందా, మాటలు వస్తున్నాయా అన్నవి 18 నెలలకు, రెండేళ్ళకు మళ్ళీ చూపించాలి. ప్రభుత్వ బాల స్వాస్థ్య పథకం కింద నడిచే డీఈఐసీ (పిల్లల లోపాలను తొందరగా గుర్తించి సాయపడే) కేంద్రాల్లో స్పీచ్, ఫిజియో లాంటి థెరపీలు ఉచితం.

రెండో బిడ్డ విషయం. తండ్రి తన ఒక్క ఎక్స్‌ను ప్రతి కూతురికీ ఇస్తాడు, కొడుకులకు వై ఇస్తాడు. కాబట్టి మొజాయిక్ కాని పక్షంలో మీకు పుట్టే ప్రతి ఆడపిల్లకూ ఈ మార్పు వస్తుంది, మగపిల్లవాడికి రాదు. మార్పు ఉన్న ఆడపిల్లల్లో నూటికి ఎనభై నుంచి తొంభై మందికి ఏదో ఒక స్థాయిలో జబ్బు కనిపిస్తుంది. ఎంత తీవ్రంగా అన్నది ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళలో కూడా మారుతుంది. ఈ మాట వినగానే కొందరు స్కానింగ్ సెంటర్‌లో రహస్యంగా ఆడో మగో తెలుసుకుందామని ఆలోచిస్తారు. అది నేరం, చెప్పిన వాళ్ళకూ అడిగిన వాళ్ళకూ. 1994 నాటి గర్భస్థ పిండ పరీక్షల చట్టమే లింగంతో ముడిపడిన జన్యు జబ్బుల కోసం పరీక్షలకు వీలు కల్పించింది. రిజిస్టరైన జెనెటిక్ క్లినిక్‌లో, రాతపూర్వక సమ్మతితో, జన్యు నిపుణుల ద్వారా చేయించుకోవాలి. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి గానీ, 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి గానీ మార్పు ఉందో లేదో చూస్తారు. ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించే పద్ధతీ ఉంది. దాత వీర్యంతో గర్భం, పరీక్షలేవీ లేకుండా కని పుట్టగానే పాపకు టెస్టు చేయించి జాగ్రత్తపడటం కూడా దారులే. ఏది ఎంచుకోవాలన్నది మీ ఇద్దరిదీ, ఇంకెవరిదీ కాదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం. గర్భం రాకముందే జన్యు నిపుణులను కలవండి. గర్భం వచ్చాక ల్యాబ్ పరీక్ష ఏర్పాట్లకే విలువైన వారాలు పోతాయి.

మీ ఆయన అన్నదమ్ములకూ ఈ మాట చేరాలి. ఆయనకు ఇది వాళ్ళమ్మ నుంచి వచ్చి ఉండొచ్చు, అప్పుడు ప్రతి సోదరుడికీ సగం అవకాశం ఉంది. సోదరుడూ మామూలుగానే ఉంటాడు, కానీ అతని కూతుళ్ళకు ముప్పు ఉంటుంది. మీ ఆయనలోనే కొత్తగా పుట్టిన మార్పు కూడా కావచ్చు. అత్తగారి రక్తంలో ఆ ఒక్క మార్పును చూస్తే చాలావరకు తేలుతుంది. మొత్తం జన్యు పరీక్ష మళ్ళీ అక్కర్లేదు, ఖర్చూ తక్కువే.

టీకా వల్ల జబ్బు రాలేదు. టీకా జ్వరం తెచ్చింది, ఆ జ్వరం ఉన్న జబ్బును బయటపెట్టింది. ఆ టీకా లేకపోయినా తర్వాతి జలుబుకు బయటపడేదే. టీకాలు మానేస్తే నిజమైన తట్టు వచ్చి వారం రోజుల తీవ్ర జ్వరం తెస్తుంది, ఈ పాపకు అది మరీ ప్రమాదం. 16 నుంచి 24 నెలల మధ్య మీజిల్స్-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టర్ ఉన్నాయి. డీపీటీ జ్వరం అదే రోజునో మర్నాడో వస్తుంది. మీజిల్స్ టీకా జ్వరం వారం నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుంది. రెండూ ఒకేరోజు వేయిస్తే క్యాలెండర్‌లో రెండు గడులు గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లో క్లోబజామ్ పెంచాలా అని ముందే అడగండి. తక్కువ జ్వరం తెచ్చే రకం డీపీటీ ప్రైవేటులో దొరుకుతుంది, అది వేయించాలా అన్నదీ అడగండి. ఆ రోజుల్లో ప్రయాణాలు పెట్టుకోకుండా, స్ప్రే, థర్మామీటర్, ఆ సంతకం కాగితం పాప దగ్గరే ఉంచుకోండి.